ఎర్ర పేలిక కట్టిన మూట

పెండ్లయినా, గృహప్రవేశమయినా, షామియానా కావాలంటె మా దుకాణానికి ఒచ్చేటోళ్ళు. కింద పరిచే దరీలు, కుర్చీలు, వంట డేగిశలు, కడాయిలు, గంటెలు, గిలాసలు అన్నీ కిరాయికి ఇస్తుంటిమి. నా బతుకంత అదే పనిల పోయింది. ఇప్పుడు మోకాళ్ళు ఒద్దంటున్నయి, దుకాణం మా తమ్ముని కొడుకు చూస్తున్నడు. వాడు, వాని దోస్తులు ఈ పనిలకు కొత్తగ దిగిండ్రు. "అత్తా, నీకు తెలిసింది జర చెప్పు, రాసి పెట్టుకుంటం" అన్నరు. నాకు సంతకం ఒక్కటే ఒస్తది. నేను చెప్తుంటె మా తమ్ముని కోడలు రాస్తున్నది. నడుమ నడుమ నవ్వుతున్నది కూడ. నవ్వనీ.

ఎన్ని కుర్చీలు కొన్ననో, రెండో దుకాణం ఎప్పుడు పెట్టిననో, అయన్ని నేను చెప్ప. అయి ఎవలికైనా అయితయి. సామాను మోసుడు పని కాదు బిడ్డలూ, మోసేటోళ్ళు అడ్డ మీద దొరుకుతరు. పోయింది ఏంది, ఉన్నది ఏంది, ఒచ్చేది ఏంది, ఇది తలకాయల ఎప్పుడు నిలవాలె. అది నాకు ఎట్ల నిలిచిందో చెప్త. అదే కతల మా ఆడబిడ్డ సుజాత పది పాసయింది. రెండు కతలు ఏరేరు కాదు.

సైదాబాద్‌ల మొదటి సబక్

మాది నల్గొండ దిక్కు పల్లె. వానలు ఎనకేస్తె నేను, నా పెనిమిటి మూట ముల్లె కట్టుకొని పట్నం ఒచ్చినం. సైదాబాద్‌ల చాంద్ సాబ్ అనే పెద్దమనిషికి సామాను కిరాయి దుకాణం ఉండె. నా పెనిమిటి బండి మీద సామాను ఎక్కించేటోడు, నేను బూడిద పెట్టి డేగిశలు తోమేదాన్ని.

చాంద్ సాబ్ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్ద షామియానా అంత. ఒకనాడు పెండ్లింటి నుంచి సామాను తిరిగొచ్చింది. "అండాలూ, ఎంత వాపస్ ఒచ్చింది?" అన్నడు. నేను మస్తు హుషారుగ లెక్కపెట్టి "ఇరవై ఒచ్చినయి సాబ్" అన్న.

"ఇరవై ఏంది?"

"సామాను సాబ్."

ఆయన పాన్ ఊసి మరీ నవ్విండు. "అరే బేటీ, మూడు మేకలు, ఏడు కోళ్ళు కలిపి పది అంటె, పొద్దుగాల పాలు ఎన్ని ఇస్తయి చెప్పు!"

నాకు సిగ్గయింది. మల్ల కూసొని డేగిశలు ఒక దిక్కు, కడాయిలు ఒక దిక్కు, గంటెలు ఒక దిక్కు పెట్టిన. అప్పుడు తెలిసింది, గంటెలు అన్నీ ఒచ్చినయి, పెద్ద డేగిశ ఒకటి రాలె. ఇరవై అన్న మాటల ఆ డేగిశ మునిగిపోయింది. నా పెనిమిటి ఉరుక్కుంట పోయి చూస్తె పెండ్లోళ్ళు దాంట్ల బర్రెకు కుడితి పోసి పెట్టిండ్రు.

ఇది మొదటి మాట, చాంద్ సాబ్ నేర్పిన సబక్. డేగిశను డేగిశతోనే కలుపు, గంటెను గంటెతోనే కలుపు. రెండు డేగిశలు, మూడు డేగిశలు కలిస్తె ఐదు డేగిశలు. రెండు డేగిశలు, మూడు గంటెలు కలిస్తె రెండు డేగిశలు, మూడు గంటెలే. అంతకు మించి దాన్ని ఏం చెయ్యలేవు. చెయ్యొద్దు కూడ. చాంద్ సాబ్ చదువుకున్నోడు కాదు, చదువుకున్నోళ్ళంటె ప్రాణం ఇచ్చేటోడు. తప్పు చేసినోన్ని నలుగుట్ల తిట్టేటోడు, అది నాకు నచ్చకపోతుండె. కాని తిట్టినంక చాయ్ తాపేటోడు. మీరు తిట్టకుంటనే తాపుండ్రి.

ఇంకొక మాట ఆయనదే. కళాయి పోయిన డేగిశను పులుసు వండేటోళ్ళకు ఇయ్యకుండ్రి. చిలుము పట్టి పులుసు చేదయితది, పేరు మీది పోతది.

మూట కట్టుడు, విప్పుడు

నా పెనిమిటి జ్వరమొచ్చి పోయిండు. అది నేను ఇప్పటికి కూడ పొడుగు చెప్పలేను, ఈడ ఇడిసిపెడ్త. దినాలు అయినంక చాంద్ సాబ్ నన్ను పిలిచి, పాత షామియానాలు రెండు, కొన్ని డేగిశలు ముంగట పెట్టి, "సైదాబాద్‌ల నేనున్న. నువ్వు దిల్‌సుఖ్‌నగర్ దాటి పో. ఆడ ఊరు పుడ్తున్నది" అన్నడు.

నిజమే, ఊరు పుడ్తుండె. ఎల్బీనగర్ రోడ్డు మీద రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకున్న. ఎటు చూసినా కంకర కుప్పలు, ఇటుక బట్టీల లారీలు, సున్నంతో గీసిన ప్లాట్లు. నిన్న కందిచేను ఉన్నకాడ ఇయ్యాల పునాది, మల్ల ఏడాది గృహప్రవేశం. వనస్థలిపురం కాలనీలు లేస్తున్నయి. మంచి ముహూర్తం అంటె ఇంటి ఎనుక ఇల్లు. అందరికి అదే దినం కావాలె, అదే గడియ కావాలె, అందరికి షామియానా నాదే కావాలె.

ఒక్కొక్కటి లెక్కపెట్టి ఇచ్చుకుంట కూసుంటె ముహూర్తం దాటిపోతది. అందుకని మూటలు కట్టి పెట్టేటోళ్ళం. పెద్ద డేగిశ ఒకటి, దాంట్ల నాలుగు గంటెలు, మీదికెల్లి పాత దుప్పటి బిగించి ముడి. అదొక మూట. మీకు రెండు మూటలు, మీకు మూడు మూటలు, అంతే.

మూటల ఏదన్న తక్కువైతె చాంద్ సాబ్ కాడ ఒక రివాజు ఉండె. ముడికి ఎర్ర పేలిక కట్టాలె. ఒక గంటె తక్కువైతె ఒక పేలిక, రెండు తక్కువైతె రెండు. ఇప్పి చూడకుంటనే దూరం నుంచే తెలుస్తది. ఆ రివాజు నేను ఇడిసిపెట్టలె.

మా రిక్షా బండి తొక్కేటోడు నర్సింహ. బంగారమసొంటి మనిషి, తొందర ఎక్కువ. సరూర్‌నగర్‌ల ఒక పెండ్లికి మూడు మూటలు చెప్పిన. పోయేటప్పుడు దుప్పట్లు చినుగుతున్నయని మూటలు ఇప్పిండు. మీద ఉన్న మూటల నాలుగు గంటెలు కనిపిచ్చినయి, అవి ఏసుకున్నడు. మిగిలిన రెండింట్లకెల్లి డేగిశలు మాత్రం తీసుకొని గంటెలు దుకాణంల కుప్ప పోసి పోయిండు. పెండ్లింట్ల మూడు పొయ్యిల మీద వంట, నాలుగే గంటెలు. వడ్డించేటోళ్ళు పప్పును గిలాసలతోని ముంచిండ్రు. పెండ్లికొడుకు మేనమామ అంగీ మీద సాంబారు పడ్డది.

"మూడు మూటలు అంటె ఏందిరా?" అన్న.

"మూడు డేగిశలు, నాలుగు గంటెలు."

"గంటెలు నాలుగేనా?"

"మూటల నాలుగే గద అక్కా ఉండేది!"

"ఒక్క మూటల నాలుగు. మూడు మూటలల్ల?"

వాడు జరసేపు ఆకాశం దిక్కు చూసి, "పన్నెండు అయితయా ఏంది?" అన్నడు, తప్పంత పన్నెండుదే అన్నట్లు.

రెండో మాట ఇది. మూట ఇప్పితె దాంట్ల ఉన్న ప్రతి దానికి లెక్క పోవాలె. మీద కనిపిచ్చిన దానికి ఒక్కదానికే కాదు.

పక్క పోర్షన్ల మాస్టారు

మా షెడ్డు ఎనుక పోర్షన్ల వెంకటరత్నం మాస్టారు కిరాయికి ఉండేటోడు. కోస్తా దిక్కు మనిషి, హైస్కూల్‌ల లెక్కలు చెప్పేటోడు. వనస్థలిపురంల ఇల్లు కట్టుకుంటుండె, అది అయ్యేదాంక మా ఎనుక. ఆయన భార్య కనకదుర్గమ్మ గారు పొద్దున లేస్తె ముగ్గు, పొద్దూకితె ముగ్గు. మా డేగిశలు పొర్లిచ్చి ఆ ముగ్గులు ఖరాబ్ చేస్తున్నమని నాతోని రోజుకొక పంచాది.

మా ఆడబిడ్డ సుజాత అప్పుడు నా కాడనే ఉండేది. అన్న పోయినంక నన్ను ఒంటిగ ఇడువొద్దని ఒచ్చిన పిల్ల. దవాఖానల నర్సు ట్రైనింగ్‌కు పోవాలని దానికి చిన్నప్పటి నుంచి. ఆ ట్రైనింగ్‌కు పది పాసయి ఉండాలె. అన్నీ పాసయింది, లెక్కలు తప్పింది. మల్ల రాసింది, మల్ల తప్పింది. మా మామ మల్లయ్య ఊరి నుంచి ఒచ్చి గడపల కూసొని తీర్పు చెప్పిండు.

"కోడలా, ఇగ ఒక్కసారి. ఈసారి గూడ తప్పితె చదువు బందు. నీ కాడనే డేగిశలు తోముకుంట ఉంటది. నీకు గూడ ఆసరైతది."

ఆసరే. దాని చెయ్యి లేకుంటె నా దుకాణం నడువదని అందరికి తెలుసు. కాని దానికి ఏం కావాల్నో గూడ నాకు తెలుసు. నేను మాస్టారు కాడికి పోయి, "సార్, మా పిల్లకు జర లెక్కలు చెప్తరా?" అన్న. మా డేగిశలు ఇగ ముగ్గు మీద పెట్టం అని కనకదుర్గమ్మ గారికి మాట ఇచ్చినంకనే ఆయన ఒప్పుకున్నడు.

మాస్టారు మంచోడు. కాని ఒక దుర్గుణం ఉండె. అర్థం కాలేదంటె అదే మాట ఇంకింత గట్టిగ చెప్పేటోడు. "ఎక్స్! ఎక్స్ అంటే ఎక్సే! సూక్ష్మీకరించమన్నారు, సూక్ష్మీకరించు!" ఆ మాట నాకు నోరు తిరుగదు. సుజాతకు కండ్లల్ల నీళ్ళు. గట్టిగ చెప్తె చెవికి వినొస్తది గని మనసుకు ఒస్తదా? మీరు పనోళ్ళకు చెప్పేటప్పుడు యాదుంచుకోండ్రి.

ఒకనాడు నేను గడప అవుతల డేగిశ తోముకుంట ఇంటున్న. సుజాత మూడు, బ్రాకెట్‌ల ఎక్స్ ప్లస్ నాలుగు అన్నదానికి, మూడు ఎక్స్ ప్లస్ నాలుగు అని రాసిందట.

"మూడు దేన్ని గుణించాలమ్మా?" అని ఆయన.

"ఎక్స్‌ను సార్."

"మరి నాలుగు?"

"అది అవుతల ఉన్నది గద సార్."

నాకు ఆగలె. "అచ్చం మన నర్సింహ తీర్గనే చేసినవ్ పో!" అన్న.

మాస్టారు తలుపు కాడికి ఒచ్చి, "ఏవిటమ్మా, నర్సింహ ఏం చేశాడు?" అన్నడు. సరూర్‌నగర్ పెండ్లి కత చెప్పిన. సాంబారు కాడికి ఒచ్చేసరికి ఆయన నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. తర్వాత నవ్వు ఆపి, మా షెడ్డుల కట్టి పెట్టిన మూటల దిక్కు చానసేపు చూసిండు.

"అండాలమ్మ గారూ, ఆ మూటలు మూడు ఇలా తెప్పించండి."

దినం దినం మా మూటలు ఆయన పాఠంల కూసున్నయి. బ్రాకెట్ అంటె మూట. ఎక్స్ అంటె డేగిశ. అంకె అంటె గంటెలు. మూట ఇప్పితె అన్నింటికి పోవాలె, దాన్ని విభాగ న్యాయం అంటరట. ఇప్పినంక డేగిశలు డేగిశలతోని, గంటెలు గంటెలతోని. వాటిని సజాతి పదాలు అంటరట. "చాంద్ సాబ్ మేకలు, కోళ్ళు అన్నడు సార్" అంటె, "ఆయన చెప్పిందే బావుంది" అన్నడు. సుజాత తప్పినప్పుడల్ల ఇగ కోప్పడకపోతుండె. "అదిగో, నర్సింహ వచ్చాడు!" అనేటోడు. బయట బండి మీద కూసున్న నర్సింహ నిజంగనే లేచి, "పిలిచిండ్రా సార్?" అంటుండె.

నేను ఒకసారి అడిగిన. "సార్, ఎక్స్‌ను ఎక్స్‌తోని గుణిస్తరు గద, డేగిశను డేగిశతోని ఎట్ల గుణిస్తరు?" ఆయన గడ్డం గోక్కున్నడు. "అక్కడ మీ డేగిశలు పనికిరావమ్మా. ప్రతి ఉపమానానికీ ఒక గడప ఉంటుంది, అది దాటకూడదు." ఆ మాట నాకు మస్తు నచ్చింది. తెలియనిది తెలుసు అనలేదు.

పిల్ల మంచిగనే ముంగటికి పోతుండె. ఒక్కకాడ ఆగింది. బ్రాకెట్ ముంగట మైనస్ ఉండి, బ్రాకెట్ లోపట గూడ మైనస్ ఉంటె. మైనస్ మైనస్ ప్లస్ అవుతుందని మాస్టారు చెప్తడు, ఇది బట్టీ పడ్తది, తెల్లారి మల్ల రెండు సార్లు తీసేస్తది. "తక్కువల నుంచి తక్కువ తీస్తె ఇంకింత తక్కువ గావాలె గద వదినె, ఎక్కువ ఎట్లయితది?" అంటది. నాకు మాత్రం ఏమెరుక? పరీక్ష దగ్గరికి ఒస్తున్నది. మాస్టారు పరేషాన్, పిల్ల పరేషాన్.

ఐదు ఇండ్ల ముహూర్తం

అట్లున్నప్పుడు మాస్టారు ఇల్లు తయారయింది. గృహప్రవేశం ముహూర్తం పెట్టిండ్రు. అదే దినం ఇంకా నాలుగు ఇండ్లు నా చేతిల. ఐదింటికి ఐదు మూటలు. మాస్టారు ఇంటికి మూట కాకుంట, వడ్డనకు మూటల కట్టని ఇడి గంటెలు పన్నెండు గూడ కావాలె. అప్పుడు మా దుకాణంల గంటెలు అన్నీ కలిపి ముప్పై, రెండు తక్కువ.

ముందు దినం నేను, నర్సింహ కూసొని ఒక ఉపాయం చేసినం. ఇంటి వంటకు మూడు గంటెలు సరిపోతయి. అందుకని ప్రతి మూటలకెల్లి ఒక గంటె తీసి, ఇడి గంటెలు కట్టిన గోనె సంచిల ఏసినం. మూటలకు ఎర్ర పేలికలు కట్టినం. సంచి అటక మీద, కుర్చీల ఎనుక పెట్టినం.

తెల్లారంగనే నర్సింహ నాలుగు ఇండ్లకు మూటలు దించి, ఐదోది, కొన్ని దరీలు, నన్ను ఏసుకొని వనస్థలిపురంల మాస్టారు ఇంటికి ఒచ్చిండు. నన్ను దింపి షామియానా, కుర్చీలు తేనీకి వాపస్ పోయిండు. దుకాణంల సుజాత ఒక్కతే. పన్నెండు ఇడి గంటెలు గూడ పంపాలని దానికి చెప్పి ఉంటి. అది బొగ్గుతోని గోడ మీద లెక్క చేసిందట. ముప్పైల నుంచి ఐదు మూటలు పోయినయి. మూటకు నాలుగు, ఐదు నాలుగులు ఇరవై పోయె. మూటకొక ఎర్ర పేలిక ఉన్నది, అంటె ఇంకొక ఐదు పోయె. ఇగ ఉన్నయి ఐదే. కావాల్సింది పన్నెండు!

పిల్ల ఆగమైంది. మాస్టారు ఇంట్ల పరువు పోతదని, షామియానా ఎక్కిస్తున్న నర్సింహను ఆపి, "అన్నా, అది ఇడిసిపెట్టి సైదాబాద్ ఉరుకు, చాంద్ సాబ్‌ను గంటెలు అడిగి అట్లనే సార్ ఇంటికి పో" అన్నది. తొందర మనిషికి తొందర మాట చెప్తె ఇగ ఆగుతడా?

ఈడ వనస్థలిపురంల పాలు పొంగినయి. పూజ అయింది. ఎండ ముదిరింది. చుట్టాలందరు కొత్త ఇంటి ముంగట కంకర మీద నిలబడ్డరు. చెట్టు లేదు, నీడ లేదు. షామియానా రాలె. కనకదుర్గమ్మ గారు పట్టుచీర కొంగు నెత్తి మీద ఏసుకొని నా దిక్కు చూసిన చూపు నేను మర్వ.

రిక్షా గంట వినొచ్చింది. నర్సింహ చెమటలు కక్కుకుంట, చెయ్యి ఎత్తి, "అక్కా! గంటెలు తెచ్చిన!" అన్నడు.

"షామియానా ఏదిరా?"

"షామియానా ఏంది? గంటెలు లేవన్నది సుజాత!"

"పో, ఉరుకు, షామియానా తే!" అని మల్ల ఎనుకకు తోలిన.

ఆడ ఊకె నిలబడలేదు లే. పక్క ప్లాటుల ఇల్లు కడ్తున్న మేస్త్రీని బతిమిలాడి సర్వెకట్టెలు తెచ్చి నాలుగు మూలల నిలిపి, దరీలు రెండు ఇప్పి మీద ఏసినం. ముసలోళ్ళను, పిల్లలను దాని కింద కూసోపెట్టినం. దరీలకెల్లి దుమ్ము రాలి ఒక ముసలాయన పులిహోరల పడ్డది. "పసుపు కాబోసు" అని తినేసిండు పాపం.

అంతల బస్సు ఆగిన కాడికెల్లి సుజాత నడుచుకుంట ఒస్తున్నది. భుజం మీద గోనె సంచి, అడుగు అడుగుకు గలగల. బస్సుల కండక్టర్, "సంచిల ఏందమ్మా, గుడి గంటలా?" అని అడిగిండట. కనకదుర్గమ్మ గారు సంచి చూసి, "ఇదేం చోద్యం అండాలమ్మా! గంటెలు రెండు దిక్కుల నుంచి వచ్చాయి, నీడ ఒక్క దిక్కు నుంచీ రాలేదు!" అన్నది. ఆమెకే నవ్వొచ్చింది, మొకం అటు తిప్పుకున్నది.

సుజాతకు నవ్వు రాలె. సంచి దించి ఏడ్పు అందుకున్నది. "ఐదే ఉంటయి అనుకున్న వదినె. అయి అన్నా తీసి పెడ్దామని అటక ఎక్కి సంచి ఇప్పితె పదిహేను ఉన్నయి. నాకేం రాదు. లెక్కలు నాకు రానే రావు. నేను పరీక్ష రాయ."

అదే అన్నిటికన్న పెద్ద నష్టం అనిపిచ్చింది నాకు. ఎండ, దుమ్ము, ఇయన్ని పోతయి. రాయ అన్నది చూడు, ఆ మాట.

మాస్టారు పసుపు మరకల పంచెతోని, నెత్తి మీద అక్షింతలతోని ఒచ్చి ఇటుకల కుప్ప మీద కూసున్నడు. ఇంటి యజమాని ఆయన, ఆయన కోసం లోపట పూజ చేయించిన అయ్యగారు పిలుస్తనే ఉన్నడు. అయినా కూసున్నడు. గొంతు ఎత్తలె.

"అమ్మాయ్, ఇలా రా. మూటకి ఎర్ర గుడ్డ ఎందుకు కట్టారు?"

"ఒక గంటె తక్కువ సార్."

"ఆ గంటె ఏమైంది? విరిగిందా? పోయిందా?"

"లేదు. వదినె తీసింది."

"తీసి ఎక్కడ పెట్టింది?"

సుజాత కాళ్ళ కాడ సంచి దిక్కు చూసింది. "ఈ సంచిల."

"సంచి ఎవరిది?"

"మాదే."

"మూట బయటికి పోయింది. మూటలో తక్కువైన గంటె మాత్రం పోలేదు. మీ దగ్గరే ఉంది. ఇప్పుడు చెప్పు, ఎర్ర గుడ్డ చూసి నువ్వు తీసెయ్యాలా, కలపాలా?"

పిల్ల ఏడ్పు ఆగింది. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నది. "ముప్పైల ఇరవై పోయె, పది. ఐదు పేలికలు... ఐదు గంటెలు మా కాడనే ఆగినయి." కండ్లు పెద్దగ చేసింది. "పదిహేను!"

"తక్కువలోంచి తక్కువ తీస్తే?"

"తక్కువ తీసుడు కాదు సార్. తక్కువ అయిన మూటను పంపుడు. మూటల ఎంత తక్కువుంటె మనకంత మిగులుతది!"

మాస్టారు నా దిక్కు తిరిగి, "ఇన్నేళ్ళూ బడిలో నేను ఇది బోర్డు మీదే చెప్పానమ్మా" అన్నడు. ఇగ లోపటికి పోయి అయ్యగారితోని తిట్లు తిన్నడు.

షామియానా రెండో బంతికి ఒచ్చింది. నర్సింహ పాపం ఒక్కడే మూడు సార్లు తొక్కిండు. ఆ బంతిల వానికే అందరికన్న ముంగట విస్తరి ఏసింది కనకదుర్గమ్మ గారు. వడ్డించనీకి చెయ్యికొక గంటె ఉండె ఆ దినం, చాంద్ సాబ్ గంటెలు పట్టుకునేటోళ్ళే లేరు.

కొత్త పిల్లలకు నేను చెప్పేది ఏందంటె, తప్పు చేసిన మనిషిని తప్పు జరిగిన కాడనే కూసోపెట్టి అడుగుండ్రి. తిట్టుకుంట కాదు, మాస్టారు అడిగినట్లు. సంచి ఎవరిది అని.

పరీక్ష, తర్వాత

లెక్కల పరీక్ష దినం నేను దుకాణం మూసి బడి గేటు కాడ నిలబడ్డ. మామ గూడ ఊరి నుంచి ఒచ్చిండు, బీడీ మీద బీడీ. సుజాత బయటికి ఒచ్చింది.

"ఎట్లుండె?" అన్న.

"బ్రాకెట్ ముంగట మైనస్ ఒచ్చింది వదినె."

"లోపట ఎర్ర పేలిక ఉండెనా?"

"ఉండె."

"ఏం జేసినవ్?"

"సంచి గలగలమన్నది" అన్నది, నవ్వింది. మామకు ఏం సమజ్ కాలె. "పరీక్షల సంచి పంచాది ఏంది?" అనుకుంట మా ఎనుక నడిచిండు.

పాసయింది. మార్కులు మస్తేం రాలె, పాసుకు సరిపోయినయి. పేపర్ల నంబర్ చూసింది మాస్టారే. కొత్త ఇంటి నుంచి సైకిల్ మీద ఒచ్చి, గడప దాటకముందే "నర్సింహ రాలేదు!" అని అరిచిండు. బండి మీద నిద్రపోతున్న నర్సింహ లేచి, "ఈడనే ఉన్న సార్!" అన్నడు. మామ ఆయన చేతులు పట్టుకొని, ఊరి నుంచి తెచ్చిన కందిపప్పు మూట ఆయన సైకిల్‌కు కట్టిండు.

నర్సు ట్రైనింగ్ హాస్టల్‌కు పోయే దినం దాని పెట్టె నేనే సర్దిన. బస్సు ఎక్కిచ్చి ఒచ్చి దుకాణం తెరిచిన. డేగిశలు ఉన్నయి, గంటెలు ఉన్నయి, అన్నీ లెక్క ప్రకారం ఉన్నయి. అయినా షెడ్డు బోసిగ ఉన్నది. నాకే తెలువకుంట ఒక ఎర్ర పేలిక తీసుకొని దుకాణం తలుపు గొలుసుకు ముడి ఏసిన. నర్సింహ చూసిండు. ఏం తక్కువైందని అడుగలె. తొందర మనిషి, ఆ ఒక్కకాడ ఆగిండు.

పండుగ సెలవులకు సుజాత ఒచ్చింది. తెల్లచీర, గంజి పెట్టి కడక్‌గ. గొలుసు కాడ ఆగింది.

"వదినె, గీడ పేలిక ఎందుకు కట్టినవ్? ఏం తక్కువైంది?"

"గంటె ఒకటి" అన్న.

"పోయిందా?"

"పోలె. ట్రైనింగ్‌ల ఉన్నది."

అది నా మొకం దిక్కు చూసి, పెట్టె కింద పెట్టి, గొలుసుకున్న ముడి పండ్లతోని పట్టి ఇప్పింది. చిన్నప్పటి నుంచి దానికి ముడి ఇప్పాలంటె పండ్లే. పేలికను మడిచి నా చేతిల పెట్టింది.

"దాచిపెట్టు వదినె. సెలవులు అయినంక మల్ల కట్టుకోవాలె గద" అన్నది.